జవాబు తీసుకుని మెట్లెక్కిన సుభద్ర గారు

మొన్న సన్నీవేల్‌లో మా మనవరాలు సబ్బునీళ్ల సీసాను గట్టిగా ఊపి, బుడగలు ఊదమని నా చేతిలో పెట్టింది. పైన తెల్లగా, పలచగా నిలిచిన నురగను చూస్తూ ఊదడం మరిచిపోయాను. పసిపిల్ల ఆటవస్తువును చూసి ఆసుపత్రి గుర్తుకు రావడం వింతే. కానీ అలాంటి నురగ కనబడితే చాలు, నాకు డాక్టర్ సుభద్ర గారు గుర్తొస్తారు.

డెబ్బైల చివర్లో నేను కాలిఫోర్నియాలో ఒక పెద్ద ఆసుపత్రి వైరస్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరేనాటికి ఆవిడే దానికి అధిపతి. తెనాలి మనిషి. చీర మీద తెల్లకోటు, కాళ్లకు కాన్వాస్ బూట్లు. అందరిలో నన్ను పేరుపెట్టి పిలిచేవారు, ఇద్దరమే ఉంటే "ఏమ్మా" అనేవారు. న్యుమోనియా రోగి ఊపిరితిత్తుల్లోకి సన్నటి గొట్టం దించి, కొద్దిగా ఉప్పునీరు పోసి, మళ్లీ బయటికి లాగి మాకు పంపడం అప్పుడప్పుడే మొదలైంది. ఛాతీ కోసి ముక్క తీయకుండానే లోపల ఏముందో తెలుసుకునే దారి అది. అలాంటి సీసా నా చేతికి మొదటిసారి వచ్చిన రోజు ఆవిడ దాన్ని వెలుతురుకు పట్టి చూపించారు.

"పైన నురగ చూశావా? లోపల గాలి తిత్తుల దాకా వెళ్లొచ్చిన నీళ్లకే ఇలా ఉంటుంది. నురగ లేదంటే గొంతులో కఫం పంపారేమోనని డౌట్ పడాలి."

"ఇందులో వైరస్ కనబడితే ఇక జబ్బు తేలిపోయినట్టే కదండీ?"

"కాదమ్మా. వైరస్ ఉండటం వేరు, జబ్బు దానివల్లే రావడం వేరు. కొంతమందిలో అది ఊరికే పడి ఉంటుంది. మిగతావన్నీ చెక్ చేశాకే నోరు తెరవాలి."

ఆ మాట బరువు నాకు ఎనభైల మొదట్లో మార్కస్ వచ్చినప్పుడు తెలిసింది. అతను స్కూల్ బస్సు నడిపేవాడు. అక్క లొరేన్ ఇచ్చిన కిడ్నీ పెట్టించుకుని కొన్ని నెలలే అయింది. విడవని జ్వరం, ఆయాసం, ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లబడి ఉన్నాయి. ఛాతీ కోస్తే తట్టుకోలేడని నీళ్లు తీసి పంపారు. స్లైడ్ మీద అక్కడక్కడ ఉబ్బిన కణాలు, ఒక్కోదాని నడుమ నల్లటి గుండ్రటి మచ్చ, దాని చుట్టూ తెల్లటి వలయం, అచ్చం గుడ్లగూబ కన్ను. సైటోమెగలో అనే వైరస్ చేసే పని అది. సుభద్ర గారు మైక్రోస్కోప్‌లో చూశారు. ఇంకో స్లైడ్ అడిగారు, ఆ తర్వాత మరొకటి. బాక్టీరియా, ఫంగస్ కోసం కూడా వెతికించారు. అవేవీ లేవు.

ఆ వైరస్‌కు మా దగ్గర అప్పట్లో మందు లేదు. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఇస్తున్న మందులు తగ్గించి, ఆ శరీరాన్నే వైరస్ మీద పోరాడనివ్వాలి. అలా చేస్తే కిడ్నీ పోవచ్చు. వార్డు డాక్టర్ ఫోన్ చేసి ఫలితం అడిగారు. "పైకి వస్తున్నాను, మీరూ అక్కడే ఉండండి" అని ఆవిడ ఫోన్ పెట్టేసి, నన్నూ వెంట రమ్మని మెట్లెక్కారు.

మార్కస్ ఆక్సిజన్ మాస్కులో ఉన్నాడు. పక్కన కుర్చీలో లొరేన్. ఫలితం విన్న వార్డు డాక్టర్, మందులు తగ్గించాలని, కిడ్నీ పోవచ్చని చెప్పాక ఆమె సుభద్ర గారి వైపు తిరిగింది.

"మీరు పొరబడి ఉండొచ్చా?"

"ఉండొచ్చు. ఇంకేవైనా ఉన్నాయేమోనని వెతికాం, కనబడలేదు. వైరస్‌ను పెంచి చూసే పరీక్ష కూడా పెట్టాం. దానికి వారాలు పడుతుంది."

మార్కస్ మాస్కు కొంచెం పైకెత్తి, "అక్కనడగండి. ఆ కిడ్నీ తనది," అన్నాడు.

లొరేన్ తమ్ముడి చేయి పట్టుకుంది. "నేను కిడ్నీ ఇచ్చింది నువ్వు బతకాలనిరా. దాన్ని కాపాడుకోవడానికి నిన్ను పోగొట్టుకోమంటావా?" అంది. మార్కస్ కళ్లు మూసుకుని తలూపాడు.

దిగి వస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "ఆ వారాలు ఆగి ఉంటే గట్టిగా చెప్పగలిగేవాళ్లం కదండీ."

"చెప్పేవాళ్లం. వినడానికి అతను ఉండేవాడో లేదో." నాలుగు మెట్లు దిగాక మళ్లీ అన్నారు. "తెలిసినంతవరకు చెప్పాలమ్మా. ఎంత తెలియదో అదీ చెప్పాలి. రెండోదే కష్టం."

మందులు తగ్గించాక జ్వరం మెల్లగా దిగింది. మార్కస్ మాస్కు లేకుండా ఊపిరి తీసుకున్నాడు. కిడ్నీ మాత్రం నిలవలేదు, అతను మళ్లీ డయాలసిస్‌కు వెళ్లాడు. ఈలోగా మా పరీక్షలో ఆ వైరస్సే పెరిగింది. నేను సంబరంగా, "మీరన్నదే నిజమైంది" అన్నాను. ఆవిడ నా వైపు చూసి, "అవును. లొరేన్‌కి ఈ మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించు," అన్నారు. నా సంబరం అక్కడే ఆగిపోయింది. తర్వాత చాలాకాలం, మార్కస్ డయాలసిస్‌కు వచ్చిన రోజుల్లో, ఆవిడ మధ్యాహ్నం భోజనం కాగానే కిందికి వెళ్లి అతని పక్కన కూర్చునేవారు. ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూస్తే ఇద్దరూ నవ్వుతున్నారు.

సుభద్ర గారు పోయి చాలా ఏళ్లయింది, నేనూ రిటైరయ్యాను. ఇప్పటికీ ఇక్కడి తెలుగువాళ్లు తమ రిపోర్టులు నాకు పంపి, "ఆంటీ, ఇదేంటో చూసి చెప్పరా" అని అడుగుతుంటారు. మామూలు విషయమైతే ఫోన్‌లోనే చెప్పేస్తాను. మామూలుది కాకపోతే, "ఇంట్లోనే ఉన్నావా? వస్తున్నా" అని కారు తాళాలు తీసుకుంటాను.