ఫేస్‌బుక్‌లో వచ్చిన నల్లా

ఆ రోజుల్లో నారాయణఖేడ్‌లో టచ్ ఫోన్ ఉన్నవాళ్లకంటే దాన్ని చూడ్డానికి చుట్టూ మూగేవాళ్లే ఎక్కువ. అయినా ఎన్నికలు దగ్గర పడేసరికి ఓట్లన్నీ ఫోన్లలోనే ఉన్నాయని మా నాయకుల చెవిలో ఎవరో ఊదారు. బస్టాండ్ దగ్గరి నెట్ సెంటర్‌లో కొత్తగా పనికి చేరిన నాకు అలా ఒక నాయకుడి ఫేస్‌బుక్ పేజీ నడిపే యోగం పట్టింది. (సంగతి చెబితే మా అమ్మ, "గింత పొద్దుగాల ఉరికేది గా మనిషి ఫొటోలు పెట్టనీకా?" అని నోరెళ్లబెట్టింది.) ఆ నాయకుణ్ని ఊరంతా అన్న అనేది. ఆయన మేనల్లుణ్ని మాత్రం మేం లైకుల అల్లుడు అనేవాళ్లం. "ఎన్ని లైకులొచ్చినయ్?" అని అడగనిదే అతని గొంతులో చాయ్ దిగేది కాదు.

ఒకనాడు అల్లుడు ఒక ఫొటో తెచ్చాడు. ఎక్కడిదో నల్లా, ధారగా నీళ్లు, పక్కన అతికించిన అన్న. మా గల్లీ పేరు రాసి, నీళ్లొచ్చేశాయని పెట్టమన్నాడు. మా గల్లీలో బోరు ఎండిపోయి, అమ్మావాళ్లు పొలాల్లోంచి నీళ్లు మోస్తున్నారు. "మా గల్లీల నల్లానే లేదు గదా" అన్నాను. "మీ గల్లీలోళ్లు ఫేస్‌బుక్ సూస్తరా ఏంది? గిది బయటోళ్ల కోసం" అని నన్ను పక్కకు జరిపి తనే పెట్టేశాడు.

మా గల్లీలో సగం ఇళ్ల పిల్లలు హైదరాబాద్‌లో పనులు చేసుకుంటున్నారన్న సంగతి అతనికి తట్టలేదు. వాళ్లు చూశారు. "అమ్మా, మనకు నల్లా వచ్చిందట గదా!" అని సంబరంగా ఇళ్లకు ఫోన్లు చేశారు. ఆదివారం చర్చి అయిపోగానే మా అమ్మ, చిన్నమ్మ ముందు నడవగా గల్లీ ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో నెట్ సెంటర్ మీదికొచ్చారు. "ఏదీ నల్లా? గీ డబ్బాల దాసిండ్రా?" అని చిన్నమ్మ మానిటర్ వెనక్కి తొంగి చూసింది.

గొడవ విని అన్న స్వయంగా వచ్చాడు. వెనకే వచ్చిన అల్లుడు నా వైపు వేలు చూపి, "గీ పిల్లనే తప్పు పెట్టింది" అన్నాడు. సెంటర్ ఓనరు నా చెవిలో, "తప్పైందని ఒక్కమాట అనరాదూ? లేకుంటే రేపటి సంది పనికి రాకు" అన్నాడు. మా ఇల్లు నడిచేది నా జీతంతోనే. అయినా ఒళ్లు మండిపోయింది. "నేనెందుకంట? పెట్టినోడు గాడ నిలబడ్డడు. నేను అనను" అన్నాను. అంతటితో ఊరుకోక సెంటర్ కెమెరా తీసి, "అన్నా, జర ఇటు సూడు" అన్నాను. కెమెరా కనిపిస్తే చాలు, అన్నకు చేతులు జోడించి నవ్వడం అలవాటు. ఎంత గొడవలో ఉన్నా ఆ నవ్వు రానే వచ్చింది. చుట్టూ ఖాళీ బిందెలు, మధ్యలో ఆయన. "నల్లా ఏదన్నా?" అని రాసి, ఆయన పేజీలోనే పెట్టేశాను.

అల్లుడు కలలుగన్న లైకులన్నీ ఆ పూటే వచ్చాయి. సాయంత్రానికి గల్లీకి ట్యాంకర్ వచ్చింది, నా ఉద్యోగం పోయింది. అమ్మ తిడుతుందనుకున్నాను. బిందె నింపుకుంటూ, "ఇంకో ఫొటో తియ్యరాదూ బిడ్డా, రేపు గూడ ట్యాంకర్ వస్తది" అంది.

ఇప్పుడు నాకు మంచి ఉద్యోగముంది, దాంతోపాటు భయమూ వచ్చింది. చుట్టాల గ్రూపులో మా బావ ఎన్నికల అబద్ధమేదైనా పెడితే, ఎందుకొచ్చిన గొడవ అని మొదట ఊరుకుంటాను. అప్పుడు కెమెరా పట్టుకున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. దానికున్న పొగరులో సగం కూడా నాకిప్పుడు లేదు. నవ్వుకుంటూనే, అందరూ చూసేలా "ఇది అబద్ధం బావా" అని రాసేస్తాను. బావ నాతో మాట్లాడడం మానేస్తాడు. మానేయనీ.