పెట్టె కుర్చీలో, నేను నేల మీద

ఆ నల్ల పెట్టె వెనక గుండ్రటి రంధ్రంలోంచి వచ్చే వాసన ఇప్పటికీ మారలేదు. వేడెక్కిన దుమ్ము, చెమ్మ పట్టిన చెక్క, ఎప్పుడో వెలిగించిన దోమల చుట్ట, అన్నిటి అడుగున సన్నగా కమురు వాసన. పోయిన ఆదివారం రావులపాలెంలో బాబాయ్ కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో ఆ వూఫర్ మీదికి వంగినప్పుడు అది ముక్కుకు తగిలింది. తగలగానే నా అరచేతుల్లో తడి గోరింటాకు చల్లదనం తెలిసింది.

నా చిన్నప్పుడు మేం భీమవరం దగ్గర ఊళ్లో, మూడు పక్కలా రొయ్యల చెరువులున్న ఇంట్లో ఉండేవాళ్లం. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండేవి. ఆ హోరు మా అన్నంలో, నిద్రలో, నేను గట్టు మీద ఒంటరిగా ఆడుకునే తొక్కుడుబిళ్లలో కలిసిపోయి ఉండేది. వంటింటి గోడకి చెయ్యి ఆనిస్తే సన్నగా వణుకు తెలిసేది. చప్పుడుకి మా ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు, అది ఆగితేనే ఉలిక్కిపడేవారు. కరెంటు పోయి హోరు ఆగిన మరుక్షణం అమ్మ పెసరట్టు పెనం మీదే వదిలేసి "ఏమండీ!" అని కేకేసేది, నాన్న కంచం ముందు నుంచి ఎంగిలి చేత్తోనే లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తేవాడు. ముసురు పట్టిన రోజుల్లో మరీ భయం. ఎండ లేక నీళ్లలో గాలి తగ్గిపోతే రొయ్య ఊపిరాడక పైకి తేలిపోతుందని నాకు అక్షరాలు రాకముందే తెలుసు.

అలాంటి ఇంట్లోకి నాన్న తమ్ముడు, మా బాబాయ్, హోమ్ థియేటర్ తెచ్చాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. చిన్న స్పీకర్లు బాగానే పలికాయి గానీ, బేసు పలికించే వూఫర్ మాత్రం ఒకచోట గుడగుడలాడేది, ఇంకోచోట అసలు ఉందో లేదో తెలిసేది కాదు. బాబాయ్ దాని కింద ఇటుకలు పెట్టి చూశాడు, గోనెపట్టా పరిచాడు, అలమరలో స్టీలు గిన్నెలు గణగణమంటుంటే వాటి మధ్య పాత పేపర్లు కుక్కాడు. చివరికి భీమవరంలో మెకానిక్ ఒక ఉపాయం చెప్పాడట. పెట్టెను మనం కూర్చునే కుర్చీలో పెట్టి, మనం నేల మీద పాకుతూ వినాలి. ఏ మూల బేసు నిండుగా వినిపిస్తే ఆ మూలే పెట్టెకు సరైన చోటు.

నాన్న పడక్కుర్చీలో వూఫర్‌ను కూర్చోబెట్టి, బాబాయ్ నన్ను పాకమన్నాడు. చిన్నదాన్ని, మంచం కిందికీ బల్ల కిందికీ దూరగలను. చెవి నేలకి ఆనించి, చల్లటి గచ్చు మీద అంగుళం అంగుళం జరుగుతుంటే నేలలో రెండు వణుకులు తెలిసేవి. పైన పాటది, దాని కింద చెరువులది. నాన్న కుర్చీలోంచి ఆ పెట్టె నన్నే చూస్తున్నట్టుండేది. ఇన్వర్టర్ ఉన్న మూలకి చేరేసరికి బేసు నా పక్కటెముకల్లోకి దిగింది.

"ఇక్కడ బాబాయ్."

"చూశావా, మా అమ్మడి చెవి పాము చెవి!" అని బాబాయ్ నన్నెత్తి తిప్పాడు. నాతో పదిమాటలు మాట్లాడేవాళ్లే లేని రోజుల్లో ఆ మెప్పును వారం రోజులు దాచుకున్నాను. ఆ మూలలో ఉన్న ప్లగ్గు ఇన్వర్టర్‌ది ఒక్కటే. పెట్టెలన్నిటి వైర్లూ దానికే తగిలించాం. కరెంటు పోయినా ఫ్యానూ లైటులాగే పాటా ఆగదని ఇద్దరం సంబరపడ్డాం.

ఆషాఢంలో అమ్మా నాన్నా పెద్దాపురం మరిడమ్మ జాతరకి వెళ్లారు, అది అమ్మ పుట్టిన ఊరు. నాకు జనమంటే బెదురు, రానన్నాను. అమ్మ వెళ్తూ వెళ్తూ నా రెండు చేతులకీ గోరింటాకు పెట్టింది. బాబాయ్‌కి చెరువులప్పగించి వెళ్లారు. మూడు రోజులుగా ముసురు. ఆ మధ్యాహ్నమే బాబాయ్ స్నేహితులిద్దరు వేడి మిరపకాయ బజ్జీలు పట్టుకుని వచ్చారు. "ఏరా, ఈ బేసు మీ పిల్ల పెట్టిందా? మా ఇంటికీ పంపరా బాబూ," అన్నాడొకడు. నేను సిగ్గుతో అరచేతులు పైకి పెట్టుకుని, గోడవారగా చాప మీద పడుకున్నాను. నా తల నేలకి ఆని ఉంది.

ఒక పాట అయిపోయింది. రెండోది మొదలయ్యేలోగా నేలలో ఏమీ లేదు.

ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, కింద చెరువుల వణుకు మాత్రం లేదు. "బాబాయ్" అనాలి. ఒక్క మాట. ఇద్దరు కొత్తవాళ్లు నా వైపే చూస్తున్నారు. నోరు తెరిచాను, మాట రాలేదు. ఈలోగా పాట మొదలై, ఆ ఖాళీని నిండుగా కప్పేసింది. నేనే పొరపాటు పడ్డానేమో అనుకున్నాను. అలా అనుకోవడం తేలికగా ఉంది.

వాన వెలిశాక కిటికీలోంచి చూస్తే చెరువు గట్ల నిండా కొంగలు. అన్ని కొంగల్ని నేనెప్పుడూ చూడలేదు. బాబాయ్ చెప్పులైనా లేకుండా పరిగెత్తాడు. నీళ్ల అంచున రొయ్యలు తెల్లగా, మెత్తగా తేలుతూ, ఒకదాని మీదొకటి ఒడ్డుకి కొట్టుకొస్తున్నాయి. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడికి ఇంకో వారమే ఉంది.

రాగానే నాన్న ఒక్కటే అడిగాడు. "మోటార్లు ఆగితే తెలీలేదంట్రా?"

"పాట పెట్టుకున్నానన్నయ్యా," అన్నాడు బాబాయ్. ఆ మూల చూపించింది ఎవరో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తర్వాత అన్నదమ్ములు ఒక పంక్తిలో కూర్చుని అన్నం తినడం నేను చూడలేదు. శ్రావణం రాకముందే బాబాయ్ ఆ పెట్టె తీసుకుని, రావులపాలెం అరటి మార్కెట్లో పనికి వెళ్లిపోయాడు. గోరింటాకు నా చేతుల మీద ఎర్రగా పండి, చాలా రోజులు పోలేదు. ఆ ఏడే డైరీ మొదలుపెట్టాను. మొదటి పేజీలో రెండే మాటలున్నాయి: తెలిసింది. చెప్పలేదు.

పోయిన ఆదివారం పొద్దున బాబాయ్ ఫోన్ చేసి, "కొత్తింట్లో బేసు పలకట్లేదమ్మడూ, నువ్వే రావాలి," అన్నాడు. గుమ్మంలో అరటి గెలల పచ్చి వాసన. పెట్టెను ఆయన కుర్చీలో పెట్టి, చున్నీ నడుముకి చుట్టుకుని, ఈ వయసులో మళ్లీ నేల మీద పాకాను. బీరువా పక్కన చోటు దొరికింది. అక్కడే, లేవకుండా, ఆయన మొహం చూడకుండా అన్నాను.

"బాబాయ్, ఆ రోజు పాటకీ పాటకీ మధ్య..."

అప్పటిలాగే తల నేలకి ఆనించాను.

"తెలుసమ్మా," అన్నాడు. "నీ మొహం చూశాను. చూసి నేనూ చెవి పెట్టాను. హోరు లేదు. తర్వాతది నాకిష్టమైన పాట. అదొక్కటీ అయ్యాక లేద్దామనుకున్నాను."

"మరి లేవలేదేం?"

"ఆ తర్వాతది ఇంకా బాగుంది." నవ్వబోయి మానేశాడు. "మీ నాన్నకి మాత్రం చెప్పకు."

నాన్న చెరువులు ఎప్పుడో లీజుకిచ్చేశాడు. ఇప్పుడు అక్కడ మోటారు ఆగితే లీజుదారు ఫోన్ మోగుతుందట. నేలకి చెవి ఆనించి పడుకునే పిల్ల అవసరం ఎవరికీ లేదు. పెట్టెను బీరువా పక్కకి జరిపి పాట పెట్టాం. బేసు నిండుగా వచ్చింది. ఇద్దరికీ నచ్చింది. పాట అయిపోయి రెండోది మొదలయ్యేలోగా, ఆ రెండు మూడు క్షణాలూ, నేనూ బాబాయ్ ఊపిరి బిగబట్టి కింద ఆ హోరు వినడానికి ప్రయత్నించాం.