నొప్పుల మందు డబ్బాలో పాత ప్రాసెసర్

ఈ ఉదయం కాజీపేట నుంచి ఒక రైల్వే ఉద్యోగి వచ్చి నా చేతిలో చిన్న రేకు డబ్బా పెట్టి వెళ్లాడు. మోకాళ్ల నొప్పుల మందు డబ్బా అది. మూత తీయగానే కర్పూరం వాసన గుప్పుమంది. మందు అయిపోయి ఏళ్లయింది. ఎన్నిసార్లు కడిగినా వాసన మాత్రం ఇల్లు ఖాళీ చేయని కిరాయిదారులా అందులోనే ఉంది. లోపల నల్ల స్పాంజి ముక్క మీద ఒక పాత ప్రాసెసర్, కంప్యూటర్‌కు మెదడు లాంటి బిళ్ల. అగ్గిపెట్టె కంటే చిన్నది, అడుగున వెయ్యికి పైగా బంగారు రంగు పిన్నులు. ఆ వాసన తగిలితే నాకు ముందు సదానందం కాక మోకాళ్లు గుర్తొస్తాయి, ఆ తరువాత ఆయన చేతులు.

కాక వరంగల్ కొత్తవాడలో ఉండేవాడు. ముందు గదిలో కంప్యూటర్లు బాగుచేసేవాడు, వెనుక గదిలో జంపఖానాలు నేసేవాడు. రెండు పనులకూ ఒకటే కళ్లద్దాలు. నేనేమో ఎనిమిదో తరగతిలో బడికి సెలవిచ్చినవాణ్ని. నిజం చెప్పాలంటే బడే నాకు సెలవిచ్చింది, నోరు మూసుకోవడం చేతకాక. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు కుట్టేవాణ్ని. పగలంతా దబ్బనంతో కుట్టడం, తుమ్మడం. సాయంత్రం పాత కంప్యూటర్‌లో కాల్పుల ఆట ఆడుతూ, మన యాసలో వెటకారాలు చెబుతూ లైవ్ పెట్టేవాణ్ని. చూసేవాళ్లు వందమంది కూడా ఉండరు గానీ, వాళ్లు ఆట కోసం కాదు, నా నోటి కోసం వచ్చేవాళ్లు. చిక్కల్లా, తెర మీద కొట్లాట ముదిరేసరికి కంప్యూటర్ ఆయాసపడేది. బొమ్మ ఆగేది, నా గొంతు ముక్కలయ్యేది, ఇక్కడ పేలాల్సిన జోకు ఎక్కడో పేలేది, చావింట్లో బూందీ పంచినట్టు.

అప్పుడే హనుమకొండలో కొందరు ఆటల పోటీ పెట్టి, ఆదివారం ఫైనల్‌కు నన్ను లైవ్‌లో వ్యాఖ్యానం చెప్పమన్నారు. నన్ను ఎవరైనా మాట్లాడమని పిలవడం అదే మొదటిసారి. అందరూ నోరు మూయమన్నవాళ్లే. ఈ ఒక్క అవకాశంలోనూ నా గొంతు ముక్కలైతే ఇక ఎవరూ పిలవరని నాకు తెలుసు. కంప్యూటర్ డబ్బాను స్కూటర్ ముందు పెట్టుకుని కాక దగ్గరికి వెళ్లాను.

"కాకా, అన్నిట్ల కొత్త ప్రాసెసర్ కావాలె. వీడియోలల్ల అందరు గదే మంచిగుందంటాండ్రు."

"ముందు నువ్వు ఆడు."

"మీరు ఆడుతరా నాతోని?"

"నేను చూస్త."

ఆడాను. ఆయన ఆట వైపు చూడలేదు. ప్రాసెసర్ ఎంత పని చేస్తోందో, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఎంత చేస్తోందో చూపుతూ తెర మూలన కదులుతున్న రెండు అంకెలనే కొంగలా చూస్తూ కూర్చున్నాడు.

"ఇందుల ఎవరు ఎవరి కోసం ఆగుతాండ్రు?" అన్నాడు.

"నేను మీ కోసం ఆగుతాన కాకా, గంట సంది."

ఆయన నవ్వి వెనుక గదిలోని మగ్గం చూపించాడు. "పెద్ద జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూసుంటరు. ఒకడు ఎంత ఉరికినా, పక్కోడు అందుకున్నదాక ఆగాలె. నీ గ్రాఫిక్స్ కార్డు సగం పని చేసి ఖాళీగ కూసున్నది. ప్రాసెసరే అందుకుంటలేదు. నువ్వు చెప్పే కొత్తది ఈ బోర్డుల పట్టది, బోర్డు, ర్యాము అన్ని మార్చాలె. ఒక్క అల్లుని కోసం ఇల్లంత కూలగొడ్తవా? ఇదే బోర్డుల కూసునే ఆరు కోర్లది, అంటె ఆరు చేతులున్నట్టు, వాడినదే, తెప్పిస్త. చాలు."

శుక్రవారం అది వచ్చింది. కంప్యూటర్ డబ్బా రేపు తీసుకురమ్మన్నాడు కాక. "పాతది ఉండంగనే బోర్డుల సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కియ్యాలె. అప్పుడే దీన్ని గుర్తుపడ్తది. తొందరపడకు." ఒక్కసారి ఇంట్లో చూసుకుంటానని బతిమాలి ప్రాసెసర్‌ను జేబులో వేసుకున్నాను. చూసుకోవడం అంటే నాకు విప్పడమే. శనివారం పొద్దున్నే ఫ్యాను పట్టుకుని లాగాను. ప్రాసెసర్ వేడి లాగడానికి పూసే పేస్టు ఎండి అతుక్కుని ఉందేమో, ఫ్యానుతో పాటు పాత ప్రాసెసర్ కూడా పన్ను ఊడినట్టు ఊడివచ్చింది. కొత్తది పెట్టాను. ఫ్యాను తిరిగింది, తెర నల్లగానే ఉంది. సరే, పాతదే పెడదామంటే అది కూర్చోలేదు. తిప్పి చూస్తే పిన్నులు వంగి ఉన్నాయి.

"ఆటో గుంతల పడ్డది కాకా," అన్నాను, అన్నీ ఆటోలో వేసుకుని వెళ్లగానే.

ఆయన ఫ్యాను అడుగున వేలు పెట్టి చూశాడు. "గుంతల పడితె పేస్టు గూడ ఊడి వస్తదా శీనుగా?"

ఆయన తిట్టలేదు, చెయ్యి పట్టుకుని మగ్గం దగ్గరికి తీసుకెళ్లాడు. నేత అయిపోయిన పాత పడుగు, అంటే నిలువు దారాల కొసలు మగ్గంలో వేలాడుతున్నాయి. ఒక్కో కొసకూ ఒక్కో కొత్త దారాన్ని అతుకుతున్నాడు అప్పటిదాకా. వందల పోగులు.

"పాతది కోసి పారేస్తే కొత్తది మగ్గం ఎట్ల ఎక్కుతదిరా? పాతదే దాన్ని లోపలికి తోలుకపోవాలె. గీ బోర్డు గూడ గంతే. ఇప్పుడు నీ పాతదే బతకాలె."

వాకిట్లో వెలుతురులో కూర్చుని, భూతద్దం ఒక చేత, సన్నని కుట్టుసూది ఒక చేత పట్టుకున్నాడు. పదకొండు పిన్నులు. ఒక్కటి విరిగినా నా ఆదివారం పోయినట్టే. సూది మొన పిన్నుకు ఆనిందో లేదో తెలియనంత మెల్లగా, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి జరిపి ఆగేవాడు. నా చేతిలో ఎప్పుడూ ఉండేది బస్తాలు పొడిచే దబ్బనం. ఇనుము అంత మర్యాదగా నడుచుకోగలదని నాకు ఆ రోజే తెలిసింది.

మధ్యలో తల ఎత్తి చూశాడు. "ఏందిరా, నోరు బందయింది?"

"మీ చెయ్యి వణుకుతదేమోనని కాకా."

"నా చెయ్యి ఊకె వణకదు. నీ మాటకు నవ్వొస్తెనే వణుకుతది. గందుకే జరసేపు ఆగు. తర్వాత మాట్లాడుదువు, రేపంత మాట్లాడుదువు."

నన్ను నోరు మూయమన్నవాళ్లు చాలామంది ఉన్నారు. నా మాటకు విలువ కట్టి మూయమన్నవాడు ఆయనొక్కడే. మధ్యాహ్నమంతా ఒక్క మాట మాట్లాడలేదు. పాతది కూర్చుంది, తెర వెలిగింది, బోర్డు కొత్త పాఠం నేర్చుకుంది. అప్పుడు మెల్లగా ఫ్యానును మెలితిప్పి, పాతది తీసి, ఆరు కోర్లది కూర్చోబెట్టాడు.

ఆదివారం నా గొంతు ఒక్కసారి కూడా తెగలేదు. ప్రతి జోకూ టైముకు దిగింది. మర్నాడు వెళితే కాక మగ్గం మీద నుంచే కసిరాడు. "ఫోన్ల నీ మాటలు ఇనుకుంట కూసుంటె చెయ్యి వణికింది. మూడు వరుసలు ఇప్పి మళ్ల నేస్తాన, నీ మొఖం మండ!" అంత మంచి పొగడ్త నాకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. ఆ తరువాతే మోకాళ్ల మందు డబ్బా ఖాళీ చేసి పాత ప్రాసెసర్‌ను అందులో పెట్టి ఇచ్చాడు. "దీన్ని అమ్ముకోకు. నీ లెక్క తొందరపడెటోల్లు ఊర్ల మస్తుమంది ఉన్నరు. అడిగితె ఇయ్యి."

కాక పోయి రెండేళ్లు. నేనిప్పుడు సాయంత్రాలు కంప్యూటర్లు బాగుచేస్తాను. ఆ డబ్బా కాజీపేట నుంచి ఖిలా వరంగల్ దాకా తిరుగుతూనే ఉంది. ఎవరి బోర్డు కొత్తదాన్ని గుర్తుపట్టకపోయినా ఈ పాతదే వెళ్లి లోపలికి తోలుకెళ్లి వస్తుంది. దాన్ని బిగించేటప్పుడు నేను మాట్లాడను. నాకు ఒంట్లో బాగాలేదేమోనని జనం కంగారుపడతారు.

తిరిగి వచ్చిన ప్రతిసారీ దాన్ని వెలుతురుకు ఎత్తి, పిన్నుల వరుసలు కంటి ఎదుట పెట్టుకుని చూస్తాను. ఇవాళా చూశాను. అప్పుడు వంగిన ఆ పదకొండు ఏవో ఇప్పటికీ కనిపెట్టలేకపోయాను.