తాత తాగని చుట్ట

పోయిన నెలలో మనవడి ఆఫీసు స్నేహితుడొకడు చింతామణిలో మా ఇంటికి వచ్చి, సంచిలోనుంచి నున్నని కొయ్యపెట్టె తీసి మూత తెరిచేసరికి, పాతబెల్లమూ ఎండుగడ్డీ తడిసిన తోలూ కలిసినట్టుండే వాసన నడవంతా పరుచుకుంది. లోపల బారుగా పేర్చిన చుట్టలు. ఇది లైట్, ఇది మీడియం, ఇది స్ట్రాంగ్ అని మనవడికి చూపిస్తున్నాడు. ఒకదాని వెల అడిగాను. చెప్పాడు. "ఆ దుడ్డుకి గొర్రెపిల్ల వస్తాది గదప్పా, మేపుకొంటే పెద్దదన్నా అవుతాది" అన్నాను. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇంట్లో కాల్చొద్దని బయటికి పంపించాను గానీ ఆ వాసన మాత్రం రాత్రిదాకా పోలేదు. అది మా తాత మంచం దగ్గరి వాసన.

మాది బాగేపల్లి దిక్కున, పరగోడు పక్కన చిన్న ఊరు. తాత, ఆయన తమ్ముడు చిన్నతాత, వాళ్ళ కొడుకులూ కోడళ్ళూ, పిల్లలమూ అంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. చలికాలం వచ్చిందంటే తట్టలకొద్దీ అనపకాయలు వలిచి, గింజల్ని రాత్రంతా నీళ్ళలో నానేసి, తెల్లవారి ఆడవాళ్ళమంతా గుండ్రంగా కూర్చుని ఒక్కొక్క గింజనే వేళ్ళమధ్య పితికి పప్పు తీసేవాళ్ళం. ఆ కూరలో వేడి రాగిసంగటి అద్దుకొని తిన్నాక మగవాళ్ళు రాగికళ్ళం కావలికి పోతే, అచ్చనగాయలాడుకొనే ఆడపిల్లలం కూడా చలిమంట ఆశకు వాళ్ళ వెంట పడేవాళ్ళం.

మంట పక్కన కూర్చోగానే తాత చుట్ట తీసేవాడు. ఆయనది నల్లచుట్ట, ముదురాకుతో చుట్టింది, అంగట్లో అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా కారం. అలవాటు లేనివాడు ఒక్కసారి పీలిస్తే కండ్లు తిరిగి కూలబడవలసిందే. దాన్నీ సగమే తాగి, కొనను రాతికి అదిమి ఆర్పి, చెవిమీద పెట్టుకొని, మిగతా సగాన్ని మరుసటి పొద్దుకు దాచుకొనేవాడు. చిన్నతాతది పట్టీచుట్ట. అరవదేశంనుంచి వచ్చేది, నడుముకు ఎర్రకాగితం పట్టీ, పొగ మెత్తగా తియ్యగా ఉండేది, వెల మాత్రం నల్లచుట్టకు నాలుగింతలు. ఈ రెంటికీ నడుమ ఇంకో రకముండేది, అది ఇంటికొచ్చిన చుట్టాలకు.

"అది చుట్టారా, పేలపిండా? పసిబిడ్డకి పెట్టుపో" అనేవాడు తాత.

"నీది పీలిస్తే ఎద్దు గూడా పండుకొంటాది గదన్నా" అనేవాడు చిన్నతాత. అంటూనే వంగి, అన్న చుట్టకొనకు తన చుట్ట ఆనించి నిప్పు పట్టించుకొనేవాడు. ఒకరి చుట్ట ఇంకొకరు ముట్టేవాళ్ళు కాదు, నిప్పు మాత్రం ఒకటే.

నాకు ఊహ బాగా తెలిసిన కాలానికి వానలు ఎగగొట్టాయి. బావిలో నీళ్ళు అడుగంటాయి. ముందు ఎవరి మడికి ఎద్దులతో కపిల కట్టి నీళ్ళు తోడాలనే దగ్గర అన్నదమ్ములకు మాటా మాటా పెరిగింది. ఆ యేడే ఇల్లు పంచుకొన్నారు, నడుమ మట్టిగోడ లేచింది. ఉగాదికి ఓళిగల పొయ్యిలు రెండయ్యాయి. బెల్లం పూర్ణం వాసన గోడ దాటి వచ్చేది గానీ మనుషులు రాలేదు. "గోడవతల కాలు పెడితే ఇరగ్గొడతా" అన్నాడు నాయన. మా ఇంట్లో చెప్పిన మాటకు రెండో మాట ఉండేది కాదు.

కొన్నాళ్ళకు తాత రొమ్ముజబ్బుతో మంచం పట్టాడు. చింతామణి డాక్టరు చుట్ట ముట్టొద్దన్నాడు. ఒక పొద్దున ఇంట్లో ఎవరూ లేని వేళ నన్ను దగ్గరికి పిలిచాడు.

"పాపా, సెట్టి అంగట్లో పట్టీచుట్ట ఒకటి తీసకరా. చెవికాడ పెట్టి నలిపి చూడు, గరగరమంటే వద్దను."

"నీకి డాక్టరు వద్దన్నాడు గద తాతా?"

"నాకి యాలమ్మా ఆ పేలపిండి. మీ చిన్నతాత వస్తే ఇచ్చేకి."

జన్మలో ఆ రకానికి దుడ్డు తీయని మనిషి. అంగట్లో నేను ఒక్కొక్కటే చెవిదగ్గర నలిపి చూశాను. ఒకటి గరగరమంది. ఒకటి చెమ్మగా, నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది. ఇంకొకటి వేలికింద అణిగి మళ్ళీ లేచింది. అది తీసుకొన్నాను. "పెండ్లికొడుకుని ఎంచినట్ల ఎంచుతాండావే! మీ తాత ముసలితనాన మెత్తబడినాడా?" అన్నాడు సెట్టి. దుడ్డు చేతిలో పెట్టి వచ్చేశాను.

తాత దాన్ని వాసన చూసి, మోదుగాకులో చుట్టించి, తలాపున గూట్లో పెట్టించాడు. ఆ దినంనుంచి వాకిట్లో ఏ అడుగుల చప్పుడైనా కండ్లు అటే పోయేవి. గోడవతల చిన్నతాత దగ్గితే దగ్గు ఆగేదాకా ఊపిరి బిగబట్టి వినేవాడు.

"నేను పోయి పిల్చకొస్తా" అంది అవ్వ.

"నా పీనిగని దాటి పో. చిన్నోడు వాడు, వాడే రావల్ల."

కళ్ళంలోకి రాగి రాకముందే, ఒక మధ్యాహ్నం తాత పోయాడు.

మూడోనాడు చేనిగట్టున సమాధికి పాలు పోయడానికి పోయాం. ఆయనకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, నాయన గూట్లోని పట్టీచుట్ట కూడా తెచ్చాడు. చివరికాలంలో ఆశపడి తెప్పించుకొన్నాడని ఆయన అనుకొన్నాడు. వెనక దూరంగా నిలబడిన చిన్నతాత అది చూసి గబగబ ముందుకొచ్చాడు.

"అన్నకి ఇదేమిరా? ఎన్నడన్నా తాగినాడా దీన్ని?" అని దాన్ని తీసేసి, మొలలోనుంచి నల్లచుట్ట ఒకటి తీసి ముట్టించాడు. కారానికి కండ్లనీళ్ళు కారేటట్టు దగ్గుతూనే ఆకు పక్కన పెట్టాడు. పట్టీచుట్టను నాయన చేతికి ఇవ్వబోయాడు.

"ఉంచుకోప్పా" అంది అవ్వ. "అది నీకే. నువ్వొస్తావని తెప్పించి పెట్టినాడు."

చిన్నతాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒక్క మాట చెప్పంపిండొచ్చు గద వదినా. పిలుస్తాడని దినామూ వాకిట్లోనే కూచుంటి."

"నువ్వు లేసి నాలుగడుగులు వేసిండొచ్చు గద."

ఆయన చేతిలో ఆ చుట్ట గరగరమని చిట్లింది. గూట్లో అన్నాళ్ళుండి ఎండిపోయింది. ఆకుపొడి ధోవతి మీద రాలుతుంటే దులుపుకోలేదు. ఆ తర్వాత ఆయన చుట్ట ముట్టగా ఎవరూ చూడలేదు. పాలు పోశాక ఎవరిండ్లకు వాళ్ళం పోయాం. పోయినవాడి కోసం గోడ తీయాలని ఎవరికీ తోచలేదు. ఆ ఇద్దరి మీదా నాకు జాలికన్నా కోపమే ఎక్కువ, ఇప్పటికీ.

ఇప్పుడు బాగేపల్లిలో ఎంత తిరిగినా నల్లచుట్ట దొరకదు. రాగిని తారురోడ్డు మీద పరిచి, బండ్ల చక్రాల కింద తొక్కిస్తున్నారు. కళ్ళమంటే పిల్లలకు తెలియదు. మొన్న చిక్కబళ్ళాపురంలో ఒక పెండ్లికి పోతే, వడ్డన దగ్గర నిలబడిన అబ్బాయి ముక్కూ నుదురూ చూసి గుర్తుపట్టి, ఎవరి కొడుకువని అడిగాను. చిన్నతాత మునిమనవడి కొడుకు. నేను నీకు అవ్వనవుతానప్పా, మీ తాతకు తాతా మా తాతా ఒక తల్లి బిడ్డలు అని చెప్పాను. వాడు మర్యాదగానే విన్నాడు.

"అట్లనా మేడం? ఊరికే పోవద్దండి, భోంచేసి పోండి" అని పక్క పంక్తిలోకి పోయాడు.