ఆరో జత బూట్లు

2023 ఫిబ్రవరి. కెనడాలో కేంబ్రిడ్జ్‌కి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న మా చిన్న ఊళ్ళో ఒక ట్రాఫిక్ లైటు, రెండు చర్చిలు, ఒక ఫైర్ స్టేషన్ ఉన్నాయి. స్టేషన్‌లో జీతగాళ్ళెవరూ ఉండరు, అందరం వాలంటీర్లమే. నడుముకు తగిలించుకున్న పేజర్ మోగి, ఎక్కడ ఏం కాలుతోందో చెబుతుంది. చేతిలో పని వదిలేసి పరిగెత్తడం మా వంతు. పేజర్లు రాకముందు స్టేషన్ కప్పు మీద సైరన్ ఉండేదట, దానికీ ముందు చర్చి గంట కొట్టేవారట. అప్పట్లో గుర్రాలు లాగిన చేతిపంపు ఇప్పటికీ స్టేషన్ ముందుగదిలో ఉంది. ఎండాకాలంలో పిల్లలు దానిమీదెక్కి ఫొటోలు దిగుతారు.

నేను పగలు ఊళ్ళోని మెషిన్ షాపులో లేత్ మీద పనిచేస్తాను. కాకినాడ నుంచి వచ్చిన పదేళ్ళకు వాలంటీర్‌గా చేరాను. మొదట్లో నాకిచ్చిన బంకర్ గేర్, అంటే మంటల్లోకి వేసుకెళ్ళే కోటూ ప్యాంటూ, నాలాంటివాళ్ళిద్దరికి సరిపోయేది. ఇంట్లో టోస్ట్ మాడ్చే మనిషి ఊళ్ళో మంటలార్పుతాడంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. జీతం లేదు గానీ జీవితం ఉన్న పని. పొగ ఎక్కువ, పొగడ్త తక్కువ.

అంతకుముందు రెండేళ్ళలో మా ఊరు మారిపోయింది. కాలేజీల్లో చేరిన పిల్లలకు పెద్ద ఊళ్ళలో గదులు దొరక్క మాదాకా వచ్చారు. బస్‌స్టాప్ దగ్గర తెలుగు వినిపిస్తే కారు ఆపి పలకరించాలనిపించేది. ఆ మంగళవారం పలకరింపు వేరే రకంగా జరిగింది.

పొద్దున పదకొండింటికి పేజర్ మోగింది. రైల్వే గేటు పక్కవీధిలో ఒక ఇల్లు, బేస్‌మెంట్‌లో పొగ. మేం వెళ్ళేసరికి ఐదుగురు కుర్రాళ్ళు మంచులో సాక్సులతో, హవాయి చెప్పులతో నిలబడి తెలుగులో మాట్లాడుకుంటూ వణుకుతున్నారు. పక్కింటావిడ వాళ్ళ మీద దుప్పట్లు కప్పుతోంది. మా కెప్టెన్ గ్లెన్ పాడిరైతు. ముప్పై ఏళ్ళుగా ఇదే స్టేషన్‌లో ఉన్నాడు. ట్రక్కు దిగగానే అడిగే ప్రశ్నే అడిగాడు: “ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారు? అందరూ బయటికొచ్చారా?”

వాళ్ళలో పొడుగ్గా ఉన్నతను ముందుకొచ్చాడు. “ఫైవ్ సర్. ఆల్ అవుట్.”

ఈ జవాబు మీదే మా పని క్రమం ఆధారపడుతుంది. లోపల మనిషి ఉంటే ముందు మనిషి, ఎవరూ లేకపోతే ముందు నీళ్ళు. గ్లెన్ నీళ్ళన్నాడు. నేనూ, స్కూల్ బస్ నడిపే డాన్ అనే ఆవిడా పైపు పట్టుకుని పక్క తలుపులోంచి లోపలికి అడుగుపెట్టాం. ఇంకా మంటదాకా పోనేలేదు, నేను బూట్ల కుప్ప తట్టుకుని డాన్ మీద పడ్డాను. వీరగాథల్లో ఈ ఘట్టం రాయరు.

లేస్తూ చూశాను. గుమ్మం దగ్గర విడిచిన చలికాలపు బూట్లు. మనవాళ్ళు ఇల్లు కాలినా బూట్లతో లోపల తిరగరు, పనికి పోయేవాడు బూట్లు లేకుండా పోలేడు. బూట్లు ఇక్కడుంటే మనిషీ ఇక్కడున్నట్టే. లెక్కపెట్టాను. ఆరు జతలు. ఆరోది ఇనుప ముక్కున్న వేర్‌హౌస్ బూటు, కింద కరిగిన మంచు ఇంకా ఆరలేదు.

వెనక్కొచ్చి మాస్క్ పైకి లాగి ఆ పొడుగబ్బాయిని అడిగాను. “తమ్ముడూ, మీరు ఐదుగురు. బూట్లు ఆరు జతలున్నాయేంటి?”

వాడు నోరు తెరిచాడు. “అన్నా, మీరు తెలుగోళ్ళా?”

“ఆ కబుర్లు తర్వాత. ఆరో జత ఎవరిది?”

“ఎక్స్‌ట్రా జత అన్నా. పాతవి.”

“పాతవైతే తడిగా ఎందుకున్నాయి?”

వాడు పక్కవాళ్ళ వైపు చూశాడు. ఒకడు, “చెప్పెయ్‌రా వంశీ” అన్నాడు.

“ఓనర్‌కి తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తడన్నా. లీజ్‌ల ఐదుగురి పేర్లే ఉన్నయి.”

“నేను ఓనర్ని కాదు, పోలీసుని కాదు, ఇమిగ్రేషన్ అసలే కాదు. పేర్లొద్దు నాకు. అంకె చెప్పు చాలు.”

“తొమ్మిది మందిమన్నా. నలుగురు డ్యూటీల ఉన్నరు.”

“ఇనుప ముక్కు బూట్లు ఎవరివి?”

వంశీ ఇంటివైపు తిరిగాడు. “సాయిగాడివి. నైట్ షిఫ్ట్ అయినంక ఓవర్‌టైమ్ చేస్తనన్నడు... వచ్చిండా? అన్నా, వాడు ఫర్నేస్ పక్క రూంల పండుకుంటడు!”

అక్కడినుంచి నేను అరవాల్సిన పనిలేకపోయింది, గ్లెన్‌కి నా ముఖమే చాలింది. డాన్ చేతిలో థర్మల్ కెమెరా, పొగలో వేడిని చూపించేది. గోడ పట్టుకుని ఇద్దరం పాకుతూ వెళ్ళాం. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పక్క గది తలుపు మూసి ఉంది. ఆ మూసిన తలుపే పొగను చాలావరకు బయట ఆపింది. లోపల పరుపు మీద ఒక మూట. దుప్పటి లాగితే మూట దగ్గింది. కళ్ళు తెరవకుండానే అడిగింది: “ఎవడ్రా పోపు పెట్టింది?”

రోజూ పోపు వేసినప్పుడల్లా ఆ ఇంట్లో స్మోక్ అలారం మోగుతుందట. ఆ రోజు కూడా మోగింది. సాయి విన్నాడు. మధ్యాహ్నం పప్పుచారు ఉంటుందనుకుని సంతోషంగా అటు తిరిగి పడుకున్నాడు.

అంబులెన్స్‌లో ఆక్సిజన్ పెట్టారు, సాయంత్రానికి మామూలయ్యాడు. మంటకి కారణం, ఎవరో తడి సాక్సులు హీటర్ మీద ఆరేయడం. సాక్సులు మాత్రం బాగా ఆరాయి. వంశీ సాయిని పట్టుకుని తిట్టినన్ని తిట్లు నేను కాకినాడ రేవులో కూడా వినలేదు. తిట్టినంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు.

అంకె చాలన్న నా మాట నేను నిలబెట్టుకున్నాను. కానీ మంట తర్వాత ఇల్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ కంట పడకుండా ఎవరాపగలరు? బేస్‌మెంట్ ఖాళీ చేయాల్సొచ్చింది. ఆ వారం మా చర్చిలో ప్రార్థన ఎంతసేపు సాగిందో, ఎవరింట్లో ఎన్ని పరుపులు పడతాయన్న చర్చా అంతసేపు సాగింది. సాయి, వంశీ మా ఇంటికే వచ్చారు. అలారం కింద పోపు పెట్టకూడదని మా ఆవిడకి నేను చెప్పలేని మాట వాళ్ళు చెప్పి ఒప్పించారు.

గ్లెన్ తర్వాత స్టేషన్‌లో అన్నాడు: “ముప్పై ఏళ్ళుగా అలాంటి బూట్లు తన్నుకుంటూనే లోపలికెళ్ళాను. ఒక్కసారీ లెక్కపెట్టలేదు.” ఆ తర్వాత మా మొదటి ప్రశ్న మార్చాం. ఎంతమంది ఉంటారని అడిగితే, భయపడ్డవాడు లీజులో ఉన్న అంకె చెబుతాడు. అందుకే ఇప్పుడు, లోపల ఎవరు నిద్రపోతుండొచ్చు అని అడుగుతాం. ఈ ప్రశ్నలో ఓనర్ లేడు, లీజు లేదు, కాబట్టి అబద్ధం చెప్పాల్సిన అవసరమూ రాదు. ఈ పని నాకు నేర్పింది ఇంతే: నిజం కావాలంటే, నిజం చెప్పినవాడికి నష్టం రాని ప్రశ్న వెతుక్కోవాలి.

మరుసటి శీతాకాలం ఇంకో ఇంట్లో పొగ. ట్రక్కు ఆగకముందే ఒక అమ్మాయి ఎదురొచ్చింది. మా ప్రశ్న సంగతి ముందే ఎవరో చెప్పినట్టున్నారు. “లీజ్‌లో నలుగురు, ఇంట్లో ఎనిమిది మంది, నిద్రలో ఎవరూ లేరు. అందరం ఇక్కడే ఉన్నాం అంకుల్!”

లెక్క సరిపోయింది. అంకుల్ అన్నందుకు మాత్రం నేనింకా క్షమించలేదు.