టర్బోకు చుట్టిన పట్టీ

గోదావరిఖని బొగ్గుగనిలో ఫిట్టరుగా పనిచేసే ఎబినేజర్‌కు మూడు రోజులుగా మనసు నిలకడగా లేదు. భార్య గ్రేస్‌ను డయాలసిస్‌కు కరీంనగర్ తీసుకుపోతుంటే, ఇంజన్‌కు గాలిని తోసే టర్బో వేడికి పక్కనున్న వైరు కరిగి కారు దారిలోనే ఆగిపోయింది. కొత్త వైరు వేసినా నమ్మకం కుదరక, క్వార్టర్ ముందే కూర్చుని టర్బోకు వేడిని ఆపే పట్టీని బిగించి చుట్టాడు. ఇంజన్ స్టార్ట్ చేయగానే పొగ లేచింది. కంగారుగా ఆపబోయాడు.

"సురువుల పొగొస్తదని పట్టీ అమ్మిన దుకాణపాయన చెప్పిండంటివి గదా. జర ఆగు," అంది గ్రేస్.

పావుగంటకు పొగ తగ్గింది. మళ్లీ డయాలసిస్‌కు బయలుదేరాక సుల్తానాబాద్ చేరేలోపే రెండుసార్లు దిగి బానెట్ ఎత్తి చూశాడు. మూడోసారి ఆపబోతుంటే గ్రేస్ చెయ్యి పట్టుకుంది.

"బండి మంచిగనే ఉన్నది. నాకే ఆలస్యమైతుంది, పోనియ్యి."

పోనిచ్చాడు. ఆమెను సమయానికే ఆసుపత్రిలో దింపి, కారు దగ్గరికి వచ్చి మళ్లీ బానెట్ ఎత్తాడు.