జపాన్ హోటల్లో పుట్టినరోజు

పిల్లాడికి అయిదేళ్లు నిండిన రోజు, నరసరావుపేటలో కొత్తగా పెట్టిన జపాన్ హోటల్‌కి వెళదామని పట్టుబట్టింది నేనే. మన ముందే పెద్ద ఇనప పెనం మీద వండి పెడతారని, వంటవాడు కత్తులు ఎగరేసి పట్టుకుంటాడని ఫోన్లో చూశాను. బావగారిని కూడా రమ్మన్నాను. ఆయన సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు.

కారంపూడి దగ్గర మా అత్తగారి ఊళ్లో, పంచాయతీ ఎన్నికల తగాదాలో బావగారిని వెనక నుంచి నరికారు; చావు తప్పి బయటపడ్డారు. అప్పుడు నాకు ఏడో నెల. నా బిడ్డ అలాంటివి చూడకుండా పెరగాలని ఏడ్చి ఏడ్చి మా ఆయన చేత కాపురం నరసరావుపేటకు మార్పించాను.

ముందుగా తెచ్చిన అన్నం ముద్దలు చల్లగా, చప్పగా ఉన్నాయి. పైన పచ్చి చేప.

"ఏందమ్మాయ్, వీళ్లు పొయ్యి వెలిగించడం మర్చిపోయారా?" అన్నారు బావగారు.

"పక్కన పచ్చడి పెట్టారుగా అన్నా, నంజుకో," అన్నారు మా ఆయన.

ఆ ఆకుపచ్చ ముద్దని బావగారు గోంగూరలా మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకున్నారు. ఘాటు నెత్తికెక్కింది. కళ్ల నిండా నీళ్లు. పిల్లాడు పడీపడీ నవ్వాడు.

అప్పుడే వంటవాడు మా వెనక నుంచి వచ్చాడు. ఎక్కడో ఈశాన్యం కొండల నుంచి వచ్చినవాడు, నా వయసుంటుంది. నడుస్తూనే కత్తి గాల్లోకి ఎగరేసి, బావగారి భుజం పక్కన పట్టుకున్నాడు. నీళ్లు నిండిన ఆ కళ్లకి కత్తి ఒక్కటే కనపడి ఉంటుంది. లేచి అతని మణికట్టు పట్టి, అరచేతిని మా ముందు కాలుతున్న పెనానికి అదిమేశారు.

చర్మం చుయ్యిమంది. "బావగారూ, వదలండి! వంటవాడండీ!" అని అరిచాను. వినలేదు. అతని మొహాన్ని బల్లకేసి రెండుసార్లు కొట్టారు. మా ఆయన నడుం పట్టి లాగితేగానీ వదల్లేదు.

హోటల్ యజమాని పరుగెత్తుకొచ్చి, బావగారిని గుర్తుపట్టి ఆగిపోయాడు. "తప్పైంది అన్నా, వీడికి తెలవదు," అంటూ, ముక్కులోంచి రక్తం కారుతున్న అతని చేత దణ్ణం పెట్టించాడు. కాలిన అరచెయ్యి రెండోదానికి ఆనలేదు. నేను జగ్గులో నీళ్లు ఆ చేతిమీద పోస్తుంటే మా ఆయన నా జబ్బ పట్టి లేపారు.

కారులో బావగారు మా ఆయన వైపు తిరిగారు. "ఎనక నుంచి కత్తి ఎత్తితే నేనేం చెయ్యాలిరా?" అన్నారు.

మా ఆయన అద్దంలోంచి పిల్లాణ్ని చూశారు. "ఒరేయ్ నాన్నా, ఎవరడిగినా నువ్వేం చూడలేదు. తెలిసిందా?"

అత్తగారి ఊళ్లో ప్రతి కేసులోనూ సాక్షులకు చెప్పే మాటే అది. పిల్లాడు తలూపాడు. నేను పక్కనే ఉండి కూడా నోరెత్తలేదు.

పడుకోబెడుతూ అడిగాను, "భయమేసిందా నాన్నా?" అని.

"నేనేం చూడలేదు."

"నాకు చెప్పొచ్చురా. అమ్మని కదా."

వాడు దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"ఎవరడిగినా అన్నాడుగా నాన్న."